తొలిరాత్రి ఎక్కడ?

పక్కింటి పిన్నిగారు పోయారని మంగళవారం పొద్దున్నే అమ్మ చెప్పింది. మేముండే భన్‌పురిలో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఆవిడది శ్రీకాకుళం వైపు. రైల్వేలో టికెట్ కౌంటర్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కొంతకాలంగా గుండె జబ్బు. నేను రోజూ పేపర్లో రాసే వార్తకు ఇంతవరకు చాలు. మిగతాది పేపర్లో వచ్చేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా చుట్టుపక్కల ఎవరు మొదటిసారి పరాయిదేశం వెళ్తున్నా పిన్నిగారు అడిగే ప్రశ్న ఒకటే. "తొలిరాత్రి ఎక్కడ?"

పక్కనున్న బీర్‌గావ్ నుంచి గల్ఫ్‌కి బయల్దేరిన ఒక వెల్డరు సిగ్గుపడి, "పెళ్లయి ఆరేళ్లయిందండీ" అన్నాడు.

"అది నీ పెళ్లానికి తెలుసులే బాబూ. దిగిన రాత్రి తల ఎక్కడ పెడతావో అది చెప్పు."

ఆ మాట మార్చమని అమ్మ చాలాసార్లు చెప్పి చూసింది. "మారిస్తే మర్చిపోతారు" అనేవారు.

రిటైరైన కొత్తలో ఆవిడ భర్తతో మలేషియా చూడ్డానికి వెళ్లారు. హోటల్ మాట్లాడుకోలేదు. పెద్ద స్టేషనన్నాక రిటైరింగ్ రూమ్ ఉండి తీరుతుందని రైల్వే మనిషి నమ్మకం. కౌలాలంపూర్ స్టేషన్ కౌంటర్లో తన రైల్వే కార్డు చూపించారట. అక్కడి అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫొటో బాగుందని తిరిగిచ్చేసింది. చివరికి దొరికిన హోటల్లో అడిగినంత ఇచ్చి దిగారు. "మీ పిన్ని ఫొటో ఫారిన్‌లో పాసైంది" అని బాబాయిగారు బతికున్నంతకాలం ఏడిపించేవారు.

మా చెల్లికి మస్కట్‌లో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ ఒప్పుకోలేదు. ఒంటరి ఆడపిల్ల, అక్కడ తెలిసినవాళ్లు లేరు. వెళ్లకపోతే ఉద్యోగం పోతుంది. పిన్నిగారు వచ్చి చెల్లి పక్కన కూర్చున్నారు.

"తొలిరాత్రి ఎక్కడే?"

"కంపెనీ మనిషి ఎయిర్‌పోర్టుకి వస్తాడు పిన్నీ."

"వస్తే మంచిదే. రాపోతే?"

పిన్నిగారు చెల్లి చేత ఫోన్ తీయించారు. అవసరం లేకపోతే రద్దు చేసుకునే వీలున్న గది చూసి అప్పుడే బుక్ చేయించారు. చిరునామా అరబీలో కూడా ప్రింటు తీయించారు, టాక్సీ అతనికి చూపించడానికి.

"డబ్బంతా ఎయిర్‌పోర్టులోనే మార్చీకు. టాక్సీకీ తిండికీ చాలు. చిన్న నోట్లడుగు. కార్డొకచోట, నోట్లొకచోట. కార్డు అక్కడ పనిచేసేలా బ్యాంకులో ఇప్పుడే చెప్పించు. కార్డు గీసే మిషను రూపాయల్లో తీసుకోనా అనడిగితే మురిసిపోకు, వాళ్ల డబ్బులోనే అను. అది మన రూపాయి మీద ప్రేమ కాదు, కమీషను."

అమ్మ అంతా విని, "గది తలుపుకి గడియ ఉంటుందా?" అంది. ఒప్పుకుందని మాకర్థమైంది.

కంపెనీ మనిషి రాలేదు. రోజు పొరబడ్డాడట, మర్నాడొచ్చాడు. చెల్లి టాక్సీ అతనికి కాగితం చూపించి హోటల్‌కి చేరి, గడియ వేసుకుని ఫోన్ చేసింది. మాకు కాదు, పిన్నిగారికి. "తొలిరాత్రి పక్కా పిన్నీ" అందట. ఆవిడ గోడ మీంచి అమ్మను పిలిచారు. "మీ అమ్మాయి పడుకుంది. ఇక నువ్వూ పడుకో."

మంగళవారం సాయంత్రం దహనం అయ్యాక చెల్లి మస్కట్ నుంచి ఫోన్ చేసింది.  అడిగింది. "అన్నయ్యా, పిన్నికి తొలిరాత్రి ఎక్కడ?"

రూఢి చేసుకోలేనిది చెప్పడం నాకు అలవాటు లేదు. కనపడుతున్నదే చెప్పాను. ఇంట్లో ఆవిడ ప్రాణం పోయిన చోట దీపం పెట్టారు. వీధి తలుపు తెరిచే ఉంది. దీపం పక్కన అమ్మ చాప పరుచుకుంటోంది.