షెడ్డులో ఇంజను తన్నిన రోజు

నా చిన్నప్పుడు నేను మనసారా ద్వేషించిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన మా ఇంటి ఓనరు. చిన్నతనం మాట ఎత్తితే చాలు, అందరూ ముద్దుచేసిన తాతయ్యలనీ కథలు చెప్పిన బామ్మలనీ తలుచుకుంటారు. నాకూ అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఏం నేర్పారో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నన్ను చూస్తే మొహం తిప్పుకునే ఆ ముసలాయన నేర్పింది మాత్రం డెబ్భై ఏళ్ళకు దగ్గరపడుతున్నా పోలేదు.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. నాన్నగారికి ఖైరతాబాదులో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. అమీర్‌పేటలో, బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్ళే దారిలో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా దొరికింది. ముందు భాగంలో ఓనరు, ఆయన కొడుకు, కోడలు ఉండేవారు. వెనక మేము. రెండు కుటుంబాలకీ కలిపి పెరట్లో ఒకటే పంపు. ఆయన సిటీ బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. మేము ఆయన్ని 'ఇంటాయన' అనేవాళ్ళం.

గొడవ ఒక్క మాటతో వచ్చింది. మేము దిగిన నెలలోనే, ఒక ఆదివారం పొద్దున, నాన్నగారు ఎవరికీ చెప్పకుండా కూరగాయలకు వెళ్ళారు. అమ్మ పంపు దగ్గర ఇంటాయన కనిపిస్తే, "మావారు మీకేమైనా కనిపించారా అండీ?" అని అడిగింది. ఆయన తాపీగా, "మీ ఆయన పోయిండు గదమ్మా. పొద్దుగాల్నే పోయిండు," అన్నాడు. వాళ్ళ మాటలో పోయిండంటే వెళ్ళాడని. మా వైపు ఒక మనిషి పోయాడంటే ఇక లేడనే. అమ్మ చేతిలో బిందె జారి పడింది. లోపల్నుంచి ఆ మాట విన్న నాయనమ్మ గుండెలు బాదుకుంటూ పెరట్లోకి వచ్చి శోకాలు మొదలుపెట్టింది. వీధిలో వాళ్ళంతా గోడ మీంచి తొంగి చూశారు. పావుగంట తర్వాత నాన్నగారు చేతిలో ఆనపకాయతో గేటు తీసుకుని లోపలికి వచ్చారు.

ఇంకొకళ్ళయితే నవ్వుకుని వదిలేసేవాళ్ళు. మా నాయనమ్మ నవ్వుకునే రకం కాదు. కోడలి పసుపు కుంకాల మీద నోరు పెట్టాడని ఆయన్ని అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన మొదట తెల్లబోయాడు, తర్వాత కోపంతో ఊగిపోయాడు. "నేనేమన్న? పోయిండంటే పోయిండనే గద! నా ఇంట్ల ఉండి నన్నే తిడ్తరా?" అని అరిచి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. నాన్నగారు సర్దిచెప్పబోతే వినిపించుకోలేదు.

ఆ రోజు నుంచి రెండు వాటాలకీ మాటల్లేవు. వాళ్ళ కోడలు మా బిందెను పక్కకు జరిపితే, అమ్మ వాళ్ళ బిందెను ఇంకా దూరంగా జరిపేది. బోనాలప్పుడు వీధిలో అందరి ఇళ్ళకూ వాళ్ళింటి నుంచి వంటలు వెళ్ళాయి, మా వాటాకు రాలేదు. "పంపితే మాత్రం ఎవరు తింటారు?" అంటూనే నాయనమ్మ సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంది.

నా యుద్ధం నాది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆయన నడక, దగ్గు, "జర ఆగుండ్రి" అని చెయ్యెత్తడం, అన్నీ అచ్చుగుద్దినట్టు చేసి స్కూల్లో పిల్లల్ని నవ్వించేదాన్ని. ఒకరోజు గేటు దగ్గర నేను అలా చేస్తుంటే నవ్వుతున్న పిల్లలంతా ఒక్కసారి ఆగిపోయారు. వెనక్కి తిరిగితే ఆయనే. అప్పటి నుంచే నేను ఎదురైతే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను సిగ్గుపడాల్సింది పోయి, గెలిచాననుకున్నాను.

ఆ రోజుల్లో పంజాగుట్టలో, ఇప్పుడు మెట్రో స్తంభాలు వరుసగా ఉన్న రోడ్డుకు కాస్త లోపలగా, ఒక రేకుల షెడ్డు ఉండేది. వాడకం లోంచి తీసేసిన సిటీ బస్సుల సామానంతా అందులో పెట్టి, మ్యూజియం అని బోర్డు కట్టి, దాని కింద 'ప్రవేశం ఉచితం' అని రాశారు. లోపలి పళ్ళు కనిపించేలా కోసిన గేరు పెట్టె, కండక్టరు లాగే గంట తాడు, రంగు వెలిసిన ఒక డబుల్ డెక్కర్ బస్సు ఉండేవి. వచ్చినవాళ్ళకు అవన్నీ చూపించే పని రిటైరయ్యాక ఇంటాయనకు ఇచ్చారు. ఆయనకు ఆ షెడ్డే ప్రాణం. పొద్దున్నే ఇస్త్రీ ఖాకీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే, "ఊరికే చూపించే తుక్కుకు ఇంత ముస్తాబా!" అని నాయనమ్మ వినపడేట్టే అనేది.

మా స్కూలువాళ్ళు ఆ ఏడు మా తరగతిని సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళారు. అమీర్‌పేట నుంచి జంటలు జంటలుగా నడిచి వెళ్ళాం. దారి పొడుగునా నేను ఆయన్ని అనుకరిస్తూనే ఉన్నాను, పిల్లలు పడీపడీ నవ్వుతూనే ఉన్నారు. తీరా లోపలికి వెళ్ళాక అంతా తారుమారైంది. ఇంట్లో మొహం మాడ్చుకుని తిరిగే మనిషి అక్కడ వేరే మనిషిలా ఉన్నాడు. గేరు మారితే ఏ చక్రం ఏ చక్రాన్ని పట్టుకుంటుందో తిప్పి చూపించాడు. గంట ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే బయల్దేరాలి అని చెప్పి అందరి చేతా తాడు లాగించాడు. నాతో కలిసి నవ్విన పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని ఆయన చుట్టూ మూగారు. నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

చివర్న, చెక్క దిమ్మల మీద బిగించిన ఒక చిన్న పెట్రోలు ఇంజను దగ్గరికి తీసుకెళ్ళాడు. తొలి రోజుల్లో నడిచిన బస్సుదట. దాన్ని స్టార్టు చెయ్యాలంటే ముందు వైపు ఇనప హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పాలి. హ్యాండిలు పట్టుకునే పద్ధతి మాకు రెండుసార్లు చూపించాడు. మామూలుగా మనం దేన్నయినా పట్టుకుంటే నాలుగు వేళ్ళు ఇటు, బొటనవేలు అటు పెట్టి బిగిస్తాం. దీన్ని అలా పట్టుకోకూడదు. "బొటనేలు సుత గీ నాలుగు వేళ్ల పక్కకే ఉండాలె. చుట్టు బిగిస్తే, ఇంజను ఎనక్కి తన్నినప్పుడు చెయ్యి ఇడిపించుకోలేరు. ఎముక ఇరుగుతది," అన్నాడు. తర్వాత ఒక్క ఊపు ఊపాడు. షెడ్డు రేకులు అదిరేట్టు ఇంజను మోగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాసేపటికి ఆపి, ఇంకోసారి చూపిద్దామని స్విచ్చి వేసి, ఎవరో ఏదో అడిగితే అటు తిరిగాడు.

నేను ముందుకు ఉరికి హ్యాండిలు పట్టుకున్నాను. బొటనవేలు కావాలనే చుట్టూ తిప్పి బిగించాను. ఆయన వద్దన్నాడు కాబట్టి అలాగే చెయ్యాలనిపించింది. ముసలాడు చెప్పిందంతా ఉత్తదే అని అందరి ముందూ తేల్చేసి, నా జనాన్ని మళ్ళీ నా వైపు తిప్పుకోవాలి, నా ఆలోచన అంతే. ఒంటి బరువంతా వేసి లాగాను. హ్యాండిలు కదిలింది. ఆ క్షణంలోనే ఆయన ఎడమ చెయ్యి నా మణికట్టు మీద దబ్బున పడింది. నా చెయ్యి హ్యాండిలు మీంచి ఊడిపోయింది. ఎక్కడ నా చెయ్యి ఉందో అక్కడ ఆయన చెయ్యి ఉంది. ఇంజను తన్నింది. టప్‌మని ఒక శబ్దం వచ్చింది, ఇనుము చేసిన శబ్దం కాదది. దగ్గరున్నది నేనే కాబట్టి నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

మిగతావాళ్ళు చూసింది ఒక్కటే, ముసలాయన ఆడపిల్లను కొట్టడం. టీచరు పరుగెత్తుకొచ్చింది. నేను గుక్కపెట్టి ఏడ్చాను. ఆయన మొహం బూడిద రంగుకు తిరిగింది. మసిగుడ్డ ఒకటి చేతికి చుట్టుకుని, స్విచ్చి ఆపి, "ఇగ పోయి డబుల్ డెక్కరు మెట్లెక్కి చూడుండ్రి," అని మమ్మల్ని పంపేశాడు. ఎందుకు కొట్టావని టీచరు నిలదీస్తే తల వంచుకుని నిలబడ్డాడు తప్ప నోరు విప్పలేదు.

ఇంటికొచ్చేసరికి నా మణికట్టు మీద అయిదు వేళ్ళూ ఎర్రగా తేలాయి. నాయనమ్మకు ఇంకేం కావాలి? మా నాన్నగారు నెమ్మదస్తుడు, కానీ ఆ రోజు ఆయన కూడా ఊరుకోలేదు. "ఇంటాయన కొట్టాడా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. కొట్టాడని చెప్పాను. అబద్ధం ఆడలేదు. ఎందుకు కొట్టాడో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాన్నగారు తెల్లకాగితం తీసి షెడ్డు చూసుకునే అధికారికి ఫిర్యాదు రాశారు. పిల్లల మీద చెయ్యి చేసుకునే మనిషిని అక్కడ ఉంచరాదని రాసి, మర్నాడు టీచరు చేత కూడా సంతకం పెట్టిస్తానన్నారు. ఆ కాగితం వెళితే ఇంటాయన ఇక షెడ్డు గడప తొక్కడని నాకు అర్థమైంది. సంతోషం వేసింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, నిజంగానే సంతోషం వేసింది.

మర్నాడు పొద్దున పంపు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒంటి చేత్తో బిందె ఎత్తడానికి తంటాలు పడుతున్నాడు. ఎడమ చేతి బొటనవేలికి వెదురు బద్దలు పెట్టి లావుగా కట్టు కట్టారు. కోడలు లోపల్నుంచి, "మామయ్యా, ముప్పయేండ్లు తిప్పినవు, ఇయ్యాలెట్ల ఇరిగింది?" అని సణుగుతోంది. ఆయన, "ఇంజను తన్నింది. తంతదిగ," అన్నాడు, అంతే. తన ఇంట్లో వాళ్ళకు కూడా నా పేరు చెప్పలేదన్నమాట. ఎందుకు చెప్పలేదు అని అడిగాను. ఏడాదిగా ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

ఆయన నా వైపు చూడకుండానే జవాబిచ్చాడు. "చెప్తే ఏమైతది? స్విచ్చేసిన ఇంజను కాడికి పిల్లను ఎట్ల రానిచ్చినవంటరు. ఇంజను తిప్పుడు బందు పెడ్తరు. గంత దూరం నడిచొచ్చి పిల్లలు ఇనుప ముక్కలు చూసి పోవాలెనా?"

అది నాకు అర్థమైంది. అర్థం కానిది ఇంకొకటి ఉంది. నేనంటే మీకు పడదు కదా, మరి నా చెయ్యి ఎందుకు తప్పించారు అని అడిగాను. ఇప్పుడు తిరిగి నన్ను చూశాడు. ఆ చూపులో దయ లాంటిదేమీ లేదు, ఎప్పటి చూపే.

"నువ్వంటే నాకు మస్తు కోపం. ఇప్పటికి సుత ఉన్నది. నీ చెయ్యి నన్నేం జేసింది?"

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాను. నాన్నగారు ఆ కాగితం జేబులో పెట్టుకుని చెప్పులు వేసుకుంటున్నారు. ఉన్నదంతా చెప్పేశాను. బొటనవేలు కావాలనే చుట్టూ బిగించానని కూడా చెప్పాను. ఆయన కాగితం నాలుగు ముక్కలు చేసి, నన్ను వెంటబెట్టుకుని ముందు వాటా తలుపు కొట్టారు. "మా అమ్మాయి చెయ్యి కాపాడారు. మేము పొరబడ్డామండీ," అన్నారు. ఇంటాయన గుమ్మం దాటి బయటికి రాలేదు. "గదేం లేదు సారూ. పిల్లకు జర మాట వినుడు నేర్పుండ్రి," అని తలుపేసేశాడు.

అక్కడితో అందరం కలిసిపోయామని చెప్తే వినడానికి బాగుంటుంది. అలా జరగలేదు. నాయనమ్మ తిట్లు ఆపలేదు. మరుసటి బోనాలకూ మాకు వంట రాలేదు. ఆ వేలు వంకరగానే అతుక్కుంది, నేను ఎదురైతే ఆయన మొహం తిప్పుకోవడమూ మానలేదు. రెండేళ్ళ తర్వాత మేము శ్రీనగర్ కాలనీకి మారిపోయాం. బండిలో సామాను ఎక్కిస్తుంటే ఆయన ఖాకీ చొక్కా వేసుకుని మా పక్కనుంచే షెడ్డుకు వెళ్ళిపోయాడు, ఆగలేదు. నేనూ పలకరించలేదు.

కోపం నాతోపాటే పెద్దదైంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలోనూ ఇరుగుపొరుగులోనూ నాకు గిట్టని మనుషులకు లోటు లేదు, నేనంటే గిట్టనివాళ్ళు అంతకంటే ఎక్కువ. ఎవరినీ క్షమించే గుణం నాకు రాలేదు. ఆయనకూ లేదు కాబట్టి అది ఆయన నేర్పలేదు. కానీ ఎవరి మీదైనా ఒళ్ళు మండినప్పుడు, ఆ మంట ఆ మనిషి దగ్గరే ఆగిందా, అతని చేతి దాకా, అన్నం దాకా, పిల్లల దాకా పోయిందా అని ఒకసారి చూసుకుంటాను. పోయినప్పుడల్లా నాకే సిగ్గేస్తుంది.

మొన్నటి వానల్లో మా అపార్ట్‌మెంటు మెట్ల మీద పై ఫ్లాటాయన జారి పడ్డాడు. బట్టలారేసే తీగ కోసం ఆయనకూ నాకూ మూడేళ్ళుగా ఉప్పూనిప్పూ. ఆ సమయానికి అక్కడ ఇంకెవరూ లేరు. ఆయన చంకలో చెయ్యి వేసి లేపి, ఆటో ఎక్కించి, పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా ఆ తీగ గురించి ఆయన్ని దులుపుతూనే ఉన్నాను. ఎక్స్‌రే గది బయట కూర్చున్నాక ఆయన నొప్పితో పళ్ళు బిగించి, "నేనంటే మీకు అస్సలు పడదు కదండీ, మరెందుకొచ్చారు?" అని అడిగాడు.

"పడదు. ఇప్పటికీ పడదు," అన్నాను. "మీ మోకాలు నన్నేం చేసిందండీ?"