అర్జీ ఎక్కడుందని అడిగిన అబిగయీలు

అబిగయీలు కావలి రైల్వేస్టేషన్ దగ్గర ఒక ఇరుకు డీటీపీ షాపులో అర్జీలు టైపు చేస్తుంది. మూడేళ్ళపాటు ఆమె పేరు వింటే మా బోగోలు మండల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్న వాళ్ళకు కూడా చెమటలు పట్టేవి. ఆ ఆఫీసులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే గుమాస్తాను నేనే. నా పేరు పెంచలప్రసాద్. ఈ కథలో నేను మంచివాణ్ణి కాదు.

ఆమె తండ్రి లాజరస్ ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. పదేళ్ళ వయసులోనే ఆమె ఆయనకు ప్రూఫులు చదివి వినిపించేదట. అందుకే ఆమె టైపు చేసిన అర్జీలో ఒక్క తప్పు ఉండేది కాదు. భర్త హెబ్రోను స్కూలు బస్సు నడుపుతాడు, నెమ్మదైన మనిషి. నెమ్మది ఆమెకు మాత్రం చేతకాదు.

సముద్రం వైపు తుమ్మలదిబ్బ అని ఒక ఊరుంది. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు తవ్వి, ఉప్పునీళ్ళు నింపారు. రెండేళ్ళలో బోర్లన్నీ ఉప్పగా మారాయి. అదే ఊరి మాలకొండమ్మకు ఎకరం వరి ఉండేది, అది ఎండిపోయింది. ఆమె అబిగయీలు దగ్గరికి వచ్చి అర్జీ రాయమంది.

"ఇది నాలుగోది తల్లీ. బాగా గెట్టిగా రాయి."

"ముందు మూడు ఏమైనాయి పెద్దమ్మా?"

"నాకేం తెలుసు? ముద్రేసి ఒక కాయితం నా చేతికిచ్చినారు. అంతే."

అబిగయీలు టైపు చేయడం ఆపేసింది. ఆ మూడు కాగితాలూ తెప్పించుకుని ఫోటోలు తీసి, అదే రోజు ఒక బ్లాగు మొదలుపెట్టింది. పేరు 'అర్జీ ఎక్కడుంది?'. మొదటి రాతలో ఉన్నవి నాలుగే ముక్కలు: "మాలకొండమ్మ, తుమ్మలదిబ్బ. తాగే నీళ్ళు ఉప్పగా ఉన్నాయని అర్జీ. మొదటిసారి ఇచ్చి నాలుగు వందల పన్నెండు రోజులు. ఎక్కడుంది?"

అలా ఒక్కో అర్జీ పెట్టుకుంటూ పోయింది. ఏ అధికారి కుర్చీలో ఉన్నాడో, ఏ నాయకుడు ఏ సభలో ఏం మాటిచ్చాడో పక్కనే రాసేది. బోగోలు టీకొట్లలో ఫోన్లు పట్టుకుని పైకి చదవసాగారు. ఒకరోజు మా అధికారి నా బల్ల మీద చరిచి, "ఆ తుమ్మలదిబ్బ అర్జీ ఏదయ్యా?" అని అరిచాడు. వెతికాను. నా సొరుగులో, అన్నం క్యారియర్ కింద పరిచి ఉంది. పులుసు మరకలతో. పరిచింది నేనే.

ఆ తర్వాత ఎన్నికలు వచ్చాయి. అప్పటికి ప్రతిపక్షంలో ఉన్న నరేంద్రబాబు, మైకు ముందు ఆమె బ్లాగును అక్షరం పొల్లుపోకుండా చదివాడు. "గెలిస్తే వంద రోజుల్లో ఈ గుంటలు పూడ్పిస్తా. మా చెల్లెలు అబిగయీలు సాక్షి!" అన్నాడు. గెలిచాడు. శాలువా పట్టుకుని ఆమె షాపుకే వచ్చాడు.

"శాలువా వద్దు, అన్నా. గుంటల సంగతి చూడండి," అంది ఆమె.

ఆయన నవ్వుతూ ఫోటో దిగి వెళ్ళాడు. నూటొకటో రోజు ఆమె రాసింది: "వంద రోజులైపోయాయి. ఒక్క గుంటా పూడలేదు. పైగా పెద్ద గుంటలు ఇప్పుడు నరేంద్రబాబు బావమరిది కౌలు కింద ఉన్నాయి." సర్వే నెంబర్లతో సహా పెట్టింది.

నిన్నటిదాకా చెల్లెమ్మా అన్న నోళ్ళే బూతులు మొదలుపెట్టాయి. ఆమె మతాన్ని తిట్టారు. ఆమె ఫోటోను వికారంగా మార్చి ఊరంతా పంపారు. హెబ్రోను బస్సు అద్దం పగలగొట్టారు, ఆ సమయానికి లోపల పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. చివరికి, లేని అర్జీలు సృష్టించి అబద్ధాలు ప్రచారం చేస్తోందని ఫిర్యాదు చేశారు. పోలీసులు ఆమె కంప్యూటర్ ఎత్తుకుపోయారు.

స్టేషన్లో ఆమె ఎస్సైని ఒకటే అడిగిందట. "పోయిన ఎలక్షన్లో ఇదే రాస్తే నిజమైంది గదా సార్. ఇప్పుడు అబద్ధం ఎట్టయింది?"

ఆ అర్జీలు నిజంగా వచ్చాయో లేదో చెప్పమని మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. అధికారి నన్ను పిలిచాడు.

"రికార్డులో లేవని రాసెయ్."

"సార్, రిజిస్టరులో ఉన్నాయి సార్."

"నీకు ఇంకా ఎన్నేళ్ళ సర్వీసుంది ప్రసాదూ?"

పదకొండేళ్ళుంది. 'సదరు అర్జీలు ఈ కార్యాలయమునకు అందలేదు' అని రాసి సంతకం పెట్టాను. సంతకం ఎప్పటిలాగే ముచ్చటగా పడింది. ఇప్పటికీ నాకు కోపం దానిమీదే.

మరుసటి సోమవారం మాలకొండమ్మ నా బల్ల ముందుకొచ్చింది. కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, ముద్రలున్న కాగితాలు ఒక్కొక్కటీ నా ముఖం మీదికి చాపింది. ఆ నాలుగోదాని తర్వాత ఇచ్చినవి కూడా కలిపి ఏడు.

"ఈ ముద్రేసిన చెయ్యి నీది కాదా? అందలేదని యా నోటితో చెప్తావు? ఆ పిల్లని జైల్లో పెట్టిస్తావా, నీళ్ళు అడిగినందుకు?"

లైన్లో ఉన్న వాళ్ళంతా చూస్తున్నారు. ఆమె అటునుంచి అటే పోలీస్ స్టేషన్‌కు నడిచింది. తుమ్మలదిబ్బ మగవాళ్ళు చాలామంది 'మాకు ఆ అబిగయీలు ఎవరో తెలీదు' అని అప్పటికే చెప్పి తప్పుకున్నారు. ఈ ఒక్క ఆడమనిషి పోయి, "రాయించింది నేను. పెడితే నామీద పెట్టండి కేసు," అని గుమ్మంలో కూర్చుంది.

ఏడు ముద్రలు కళ్ళముందు ఉండేసరికి కేసు ముందుకు సాగలేదు. నెలన్నరకు కంప్యూటర్ తిరిగొచ్చింది, లోపల ఏమీ మిగల్లేదు, బ్లాగు కూడా అప్పటికే తీయించేశారు. ఆమె తిరిగి మొదటినుంచి రాయడం మొదలుపెట్టింది. కొత్త రాతల్లో మొట్టమొదటిది నా సంతకమున్న ఉత్తరం. పక్కనే ఆ ఏడు ముద్రలు. నాకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. రాయించిన అధికారికి మాత్రం వేరే ఊళ్ళో మంచి కుర్చీ దొరికింది. గుంటల్లో రెండు పూడ్చారు. బావమరిదివి అట్లాగే ఉన్నాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె చర్చి నుంచి వచ్చి షాపు తీసే వేళకు వెళ్ళాను.

"తప్పు చేసినానమ్మా," అన్నాను.

ఆమె కుర్చీ చూపించలేదు. "నాకెందుకు చెప్తా ఉండారు? చదవను రాయను వచ్చిన మీరు, చదువు రాని ఆమె చేత నిజం చెప్పించినారు. తుమ్మలదిబ్బకు పోండి. ఆ నీళ్ళు తాగి రండి. తర్వాత మాట్లాడదాం."

వెళ్ళాను. మాలకొండమ్మ బోరు కొట్టి చెంబు నింపి ఇచ్చింది. రెండో గుక్క గొంతు దిగలేదు. ఉమ్మేయబోయి, ఆమె చూస్తోందని ఆగిపోయాను.

"ఉమ్మెయ్ సారూ," అంది. "మేం దీంతోనే అన్నం వండుకుంటా ఉండాం."