రద్దయిందని చెప్పింది మా నాన్నగారే

మా చిన్నప్పుడు ఐదో తరగతిలో మాకు సోషల్ చెప్పింది మా నాన్నగారే... ద్రాక్షారామం దగ్గర చిన్న ఊరు మాది. బడిలో ఆయన్ని నేను కూడా "మాస్టారూ" అనే పిలవాలి.

ఒకరోజు బోర్డు మీద 'రద్దు' అని రాసి, సొంత వాక్యం చెప్పమన్నారు. "వానకి బడి రద్దయిందండి" అన్నాను. క్లాసంతా నవ్వారు.

"వానకి సెలవిస్తారమ్మా, రద్దు చెయ్యరు. చట్టాన్ని రద్దు చేస్తారు, పద్ధతిని రద్దు చేస్తారు. ఒకసారి రద్దయిందంటే ఇంక దానికి బలం లేదు. ఎవరూ పాటించక్కర్లేదు" అన్నారు.

తర్వాత ఆయనే ఒక వాక్యం రాశారు. 'మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది.' మాచేత పదిసార్లు రాయించారు కూడా.

మా పశువుల పాక ఊడ్చి, పిడకలు కొట్టడానికి సత్తెమ్మ వచ్చేది. పని అయ్యాక పెరట్లో గొంతుక్కూర్చుని దోసిలి పట్టేది. నాయనమ్మ చెంబుతో అంతెత్తు నుంచి మజ్జిగ పోసేది. సగం మోచేతుల మీదుగా మట్టిలోకి కారిపోయేది... మాకెవరికీ అది వింతగా ఉండేది కాదు.

ఆ సాయంత్రం నాయనమ్మ పూజలో ఉండి, మజ్జిగ నన్ను పొయ్యమంది. నేను తాతయ్య కంచు గ్లాసు నిండా పోసి సత్తెమ్మ చేతికిచ్చాను.

"వద్దండి పాపగారూ, అమ్మగోరు చూత్తే చంపేత్తారండి" అంటూ వెనక్కి జరిగింది.

"అదంతా రద్దయిపోయింది, నాన్నగారు చెప్పారు" అని బలవంతంగా పట్టించాను. రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తాగింది. ఒక్క చుక్క కింద పడలేదు.

అప్పుడే నాయనమ్మ బయటికొచ్చింది.

"ఏంటే ఆ పని! ఇల్లంతా మైల చేశావు కదే!" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది. చీపురుతో ఆ గ్లాసుని పెంటకుప్ప దాకా దొర్లించింది. సత్తెమ్మని రేపటినుంచి పనిలోకి రావద్దంది.

నాన్నగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. ఆయన ఒక్క మాట అంటే చాలు, సత్తెమ్మ పని నిలబడుతుంది. ఏడుస్తూ పరిగెత్తాను.

"రద్దయిందని మీరే కదా చెప్పారు!"

"అది పరీక్షలో రాయడానికమ్మా" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండానే.

"నాదే తప్పండి. పాపగారినేం అనకండి" అనేసి సత్తెమ్మ వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంటికి రాలేదు.

ఛీ... ఇన్నేళ్లయినా ఆ సాయంత్రం తలుచుకుంటే ఒళ్లు కంపరమెత్తుతుంది. నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. నాన్నగారికి అన్నీ తెలుసు... తెలిసీ పేజీ తిప్పుకున్నారు. పోయినవాళ్లని అనకూడదంటారు గానీ, అనకుండా ఉండలేకపోతున్నాను.

రోజులు మారాయి అంటారు. మారాయి మరి... ఇప్పుడు కాకినాడలో మా ఫ్లాట్‌కి పనికొచ్చే అమ్మాయికి మేము పేపర్ కప్పులో టీ ఇస్తాం. అడిగితే 'హైజీన్' అంటాం. ఆ కప్పుల ప్యాకెట్ కొనుక్కొచ్చేది ఎవరో కాదు, నేనే.

మేము తాగిన గ్లాసులన్నీ రోజూ ఆ అమ్మాయే తోముతుంది... ఆ చేతులకి మా గ్లాసు ఇవ్వడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మీ ఇంట్లో పనిమనిషికి టీ దేంట్లో ఇస్తున్నారు? సిగ్గుపడుతూ అయినా సరే, నిజం రాయండి.