మావయ్య రాసిన ఆడవాళ్ళు

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసేసరికి నేను టాలీగంజ్‌లో స్టూడియోల పక్కనున్న మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "పాపా, మీ మావయ్య లెగలేదే" అంది. "వస్తున్నాను అత్తా" అన్నాను. పైకి వెళ్ళి, ఆ పూట షూటింగుకి అందాల్సిన సీను పూర్తిచేసి, పంపించి, అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశానో తెలీదు. ఆ సీనులో ఎవరు ఎవరితో ఏమన్నారో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా అలాగే ఉంది. చెయ్యి రాస్తోంది, నేనెక్కడో ఉన్నాను.

మా అమ్మకి తమ్ముడు. వాట్‌గంజ్‌లో పుట్టాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో పనికి కుదిరాడు. మావయ్య తెలుగు కూడబలుక్కుని చదివేవాడు గానీ బెంగాలీలో కలం పరిగెత్తేది. మొదట ఊరూరా తిరిగి ఆడే జాత్రా నాటకాలు, తర్వాత టీవీ సీరియళ్ళు. బెంగాలీ సీరియల్ చూసే ఇళ్ళలో ఆయన రాసిన కోడళ్ళని తెలియనివాళ్ళు లేరు. ఆయన తెలుగువాడని మాత్రం చాలామందికి తెలీదు.

రాసేముందు ప్రతి మాటా పైకి అనుకునేవాడు. హీరోయిన్ మాటలైతే భుజం మీది తువ్వాలు పమిటలా లాక్కుని, గొంతు సన్నం చేసి అనేవాడు. కిటికీ దగ్గర పిల్లలు చేరి నవ్వేవారు. "నవ్వండ్రా. ఆడదాని మాట ముందు నా నోట్లో పట్టాల. అప్పుడే కాయితం మీద పడతాది" అనేవాడు.

కాలేజీ అయ్యాక నన్ను తన దగ్గర డైలాగులు రాయడానికి పెట్టుకున్నాడు. అప్పట్లో నడుస్తున్న సీరియల్లో కోడలు ఉమ్మడి కుటుంబానికంతా వండి వడ్డిస్తూ ఉండేది. కొన్నాళ్ళు రాశాక అడిగాను.

"మావయ్యా, ఈవిడ ఎప్పుడు తింటుంది?"

"ఏటే?"

"అందరికీ వడ్డిస్తోంది కదా. తను తిన్నట్టు ఎక్కడా రాయలేదు."

వంటింట్లోంచి అత్త నవ్వింది. "ఇంట్లో సూస్తే గదా రాయడానికి!"

మావయ్య తువ్వాలు దులుపుకుని లేచి బయటికి పోయాడు. ఆ వారమే ఒక సీను రాశాడు. అందరూ పడుకున్నాక కోడలు వంటింట్లో చతికిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో చేపల పులుసు కలుపుకుని, ముల్లు తీసుకుంటూ తింటుంది. మాటల్లేవు. చానల్ వాళ్ళు తీసేశారు. "దాదా, కోడలు ఒక్కతే కూర్చుని తింటే జనానికి నచ్చదు" అన్నారు. మళ్ళీ రాశాడు. మళ్ళీ తీసేశారు. విసుగు లేకుండా రాస్తూనే ఉన్నాడు. చివరికి ఒకరోజు ఎపిసోడ్ నిడివి తక్కువపడి ఆ సీనుని ఉండనిచ్చారు. మర్నాడు చేపల బజారులో అత్తని ఆడవాళ్ళు చుట్టుముట్టారు. అంతకుముందు వంద ఏడుపు సీన్లు రాసినా ఆమెనెవరూ ఆపలేదు.

ఇక్కడితో ఆపితే మంచి నివాళి అవుతుంది. మావయ్యకి నచ్చదు.

దుర్గాపూజల ముందు సంగతి. మేం రాస్తున్న సీరియల్లో మొగుడు పెళ్ళాన్ని అందరి ముందూ చెంపమీద కొడతాడు. ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. జనం విరగబడి చూశారు. చానల్ నుంచి కబురొచ్చింది. అష్టమి నాటికి ఆమె తిరిగి ఇంటికి రావాలి, మొగుడు మారిపోయాడని చూపించాలి. నేను రాయనన్నాను. మావయ్యకి కోపం రాలేదు.

"నువ్వు రాయకు. నేను రాస్తాను. ఇది ఆగితే ఎంతమంది ఇంట్లో కూకోవాలో తెలుసునా?"

రాశాడు. చాలా బాగా రాశాడు, చిక్కంతా అక్కడే. శంఖాలు మోగుతుంటే ఆమె గుమ్మంలో నిలబడుతుంది. మొగుడు తలెత్తలేక ఏడుస్తాడు. ఎడిటింగ్ గదిలో చూస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను.

మావయ్య పక్కింటివాళ్ళూ మన శ్రీకాకుళం వాళ్ళే. వాళ్ళ అమ్మాయి పార్వతిని దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో ఇచ్చారు. పూజలకి ముందే ఆ పిల్ల వాచిన దవడతో పుట్టింటికి వచ్చి ఉంది. ఆ ఎపిసోడ్ వచ్చిన కొద్దిరోజులకి తల్లి ఆమెని తిరిగి పంపించేసింది. కుళాయి దగ్గర అత్త అడిగితే, "టీవీలో ఆ కోడలు ఎల్లలేదేటి? ఆడు మారలేదేటి? మా అల్లుడూ మారతాడు" అందట.

అత్త ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు మావయ్యకి చెప్పింది. తనేమీ కలపలేదు. మావయ్య చొక్కా వేసుకుని పక్కింటికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"వదినా, ఆ ముక్క నేను రాసిందే. ఆడు మారలేదు. మార్చీమన్నారు, మార్చీసేను."

ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. "నువ్వు రాసీడమేటి? ఆ పిల్లోడు ఏడిసినాడు గదా. నా కళ్ళతో సూసేను."

జీవితమంతా మాటలు అమ్ముకున్న మనిషికి ఆమెని నమ్మించడానికి ఒక్క మాట దొరకలేదు.

ఆ మధ్యాహ్నమే అత్తనీ నన్నూ తీసుకుని ఆటోలో మెటియాబ్రుజ్ వెళ్ళాడు. కుట్టుమిషన్ల మోత మధ్య ఇల్లు వెతుక్కున్నాం. పార్వతి తలుపు ఓరగా తీసింది. పమిట చెంపమీదికి లాక్కుని, "బాగానే ఉన్నాను మావా, ఎల్లండి" అని వేసేసింది. మావయ్య ఇంకోసారి తలుపు కొట్టబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

మరుసటి ఏడు పార్వతి తనంతట తనే బయటికొచ్చింది, ఎడమచేతికి కట్టుతో. అక్కడ పక్క వాటాలో బట్టలు కుట్టే ఒకామె తోడొచ్చి, తను పనిచేసేచోటే కుదిర్చింది. మావయ్యకి అందులో ఏ భాగమూ లేదు.

ఆ తర్వాత చానల్ వాళ్ళు ఇంకో సీరియల్లో అలాంటి కలయికే అడిగారు. రాయనని వచ్చేశాడు. అది వేరేవాళ్ళు రాశారు. సీరియల్ ఏమీ ఆగలేదు. పత్రికల్లో ఎవరో దాన్ని పెద్ద త్యాగంలా రాశారు. ఒక కాలేజీవాళ్ళు 'స్త్రీపక్షం నిలిచిన రచయిత' అని సభకి పిలిచారు. శాలువా కప్పాక మైకు ముందు నిలబడి పేరు చెప్పకుండా పార్వతి సంగతంతా చెప్పాడు. చివర్లో ఆమె తిరిగొచ్చిందని అనగానే ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆమె తిరిగి వచ్చింది నావల్ల కాదు. వెళ్ళింది నావల్ల."

సభ అయ్యాక టీ తాగడానికి కూడా ఎవరూ దగ్గరికి రాలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తెలుగులో నాతో అన్నాడు. "ఆడోళ్ళ గురించి నాకు తెలుసుననుకున్నానే. ఏడిస్తే ఎలాగుంటారో తెలుసు. అంతే."

ఆ పైన ఎక్కువ రాయలేదు. నేను రాసినవి చూసి ఫోన్ చేసేవాడు. బాగుందనీ బాగులేదనీ చెప్పేవాడు కాదు. "ఆ పిల్ల ఆ మాట ఎందుకంది?" అని అడిగేవాడు. చానల్ వాళ్ళు అనమన్నారంటే మళ్ళీ అదే అడిగేవాడు. ఆమెకి అలా అనిపించింది మావయ్యా అంటే, "అయితే ఉంచు" అని పెట్టేసేవాడు. ఇవాళ నేను రాస్తున్న ఆడవాళ్ళకి కాస్తో కూస్తో సొంత నోరుంటే ఆ ప్రశ్న వల్లే.

శ్మశానానికి సీరియళ్ళ వాళ్ళు చాలామంది వచ్చారు. కెమెరాల ముందు మంచి మాటలే చెప్పారు. నేను వింటూ నిలబడ్డాను. కన్నీళ్ళు వస్తాయని చూశాను, రాలేదు. పార్వతి పనిలోంచి నేరుగా వచ్చింది, చీరకి దారపు పోగులు అంటుకుని ఉన్నాయి. వెళ్ళి అత్త పక్కన నిలబడి అత్త మోచెయ్యి పట్టుకుంది. మావయ్యని లోపలికి తీసుకెళ్ళాక నాతో మెల్లగా అంది.

"ఆవేళ మావ వొస్తే తలుపేసేసేను గదా."

"ఊఁ."

"నాకు రావాలనే ఉందక్కా. లోపల ఆయన ఉన్నాడు."

అత్త విన్నట్టే ఉంది. పార్వతి చేతిమీద తన చెయ్యి వేసి అలాగే ఉంచింది.

సాయంత్రం అత్తని ఇంట్లో దింపి సందులోకి వచ్చాను. సీరియళ్ళ వేళ. కిటికీ కిటికీలోంచీ అదే సంగీతం, అవే ఏడుపులు. మలుపు దగ్గర ఒక గుమ్మం మెట్టుమీద ఇద్దరు ఆడవాళ్ళు టీవీకి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. పైమెట్టు మీదామె కిందామెకి తల దువ్వుతోంది. కిందామె ఏదో అంది. నాకు వినబడలేదు. పైనున్నామె నవ్వు ఆపుకోలేక ముందుకి వంగిపోయి ఆమె భుజం మీద తల పెట్టేసింది. ఇద్దరూ ఊగిపోతున్నారు. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది.