కాగితంలో అరవై

ఫర్వానియాలో ఒక ప్రైవేటు క్లినిక్కులో ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. వచ్చినోళ్ళ కార్డు తీసుకుని కంపెనీకి పంపుతాను. వాళ్ళు ఒప్పుకుంటే "లోపలికి పోండి" అంటాను, ఒప్పుకోకపోతే "ఇది మీ పాలసీలో రాదండీ" అంటాను. రోజుకు రెండో మాటే ఎక్కువసార్లు చెప్తాను. రూలు రాసినోడు యాడో ఏసీ గదిలో ఉంటాడు, తిట్లు మాత్రం నాకే తగుల్తాయి.

అట్లాంటి నాకు, మా అమ్మ పాలసీ దగ్గరికి వచ్చేసరికి నెల రోజులు తిండి సయించలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

మా అమ్మ హవల్లీలో ఒక చిన్నపిల్లల బడిలో ఆయా. కువైట్‌కు వచ్చి ముప్పై ఏండ్లు. ముందు చాలా ఏండ్లు ఒక ఇంట్లో పని చేసింది. ఆ ఇంటి యజమానురాలిని, ఇక్కడి వాడుకలో మామా అంటారు, ఆమెను బతిమాలి ఒప్పించుకుని బడి వీసాకు మారింది. పిల్లలకు మూతులు తుడవడం, చెప్పులు తొడగడం, ఏడిస్తే ఎత్తుకోవడం ఆమె పని. పరాయి పిల్లల్ని ఎత్తుకునీ ఎత్తుకునీ మోకాళ్ళు అరగదీసుకుంది.

ఒక ఆదివారం సాయంత్రం బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మంచం మీద కూర్చుంది.

"మందూబ్ పిలిచినాడు మే. ఇఖామాకు ఇంగ నెల ఉండాదంట. నాకు అరవై నిండుతాయంట."

ఇఖామా అంటే ఇక్కడ ఉండి పని చేసుకునే పర్మిట్టు. మందూబ్ అంటే పనిచ్చినోళ్ళ తరపున ఆఫీసుల చుట్టూ తిరిగి మా కాగితాల పని చూసే మనిషి. అతను చెప్పినాడంటే అది జరిగేదే.

"ఎవురికి అరవై?" అని నవ్వినాను. మా అమ్మకు యాభై రెండు.

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పాస్‌పోర్టు గుర్తొచ్చింది. ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి దేశం దాటనీకూడదని అప్పట్లో రూలు. అమ్మ వచ్చినప్పుడు ఆమెకు ఇరవై రెండు. పాస్‌పోర్టులో ముప్పై. మా కడప పక్కన ఇదేమీ వింత కాదు. అక్క కంటే చెల్లెలు ఐదేండ్లు పెద్దదైన పాస్‌పోర్టులు మా వీధిలోనే ఉన్నాయి. ఆ తప్పుడు తేదీ రాసినందుకు మా అవ్వ ఏజెంటును రోజూ తిట్టేది. "వాని చేతులు ఇరిగిపోను, పచ్చని పిల్లను ముసిలిదాన్ని జేసి పంపిచ్చినాడు" అనేది. ఆ తిట్లు వింటానే నేను పెరిగినాను.

ఇప్పుడు ఆ ఎనిమిదేండ్లు వచ్చి మా మంచం మీద కూర్చున్నాయి. డిగ్రీ లేకుండా అరవై నిండినోళ్ళకు ఇఖామా పొడిగించాలంటే మామూలు ఇన్సూరెన్స్ చాలదు. ప్రైవేటు కంపెనీ పాలసీ కావాలి, దానిమీద ఇంకో ఫీజు. ఆ రూలు ఉందని కొన్నాళ్ళంటారు, మార్చినామని కొన్నాళ్ళంటారు. మా అమ్మ వంతు వచ్చేటప్పటికి నిక్షేపంగా ఉంది. అన్నీ కలిపితే నా రెండున్నర నెలల జీతం. బడివాళ్ళు ఒక్క ఫిల్సు కూడా ఇవ్వమన్నారు. పాలసీ తెస్తే పనిలో ఉండొచ్చు, తేకపోతే ఖలాస్, టికెట్ తీసిస్తాం, పో.

"పోతాలే" అనింది అమ్మ. "ముప్పై ఏండ్లు చేసినా, చాలదా?"

"నీకు చాలేమో, నాకు చాలలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను.

నిజంగానే నాకు చాలలేదు. మా నాయన నాకు ఏడాది నిండకముందే జొరంతో పోయినాడు. నాకు రెండేండ్లప్పుడు అమ్మ కువైట్ వచ్చింది. రెండేండ్లకో మూడేండ్లకో ఒకసారి నెల సెలవు మీద వచ్చేది. అవ్వనే నేను అమ్మా అని పిలిచేదాన్ని. ఈమె వస్తే "ఆ యమ్మ వచ్చింది" అని తలుపు వెనక దాక్కునేదాన్ని. ఆమె తెచ్చిన చాక్లెట్లు తీసుకుని మళ్ళీ తలుపు వెనక్కే పోయేదాన్ని. తర్వాత బీకాం చదివి తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్కులో చేరినాను. పెండ్లయింది, కుదరలేదు, బయటికొచ్చినాను, ఆ గోల ఇక్కడెందుకు. అవ్వ పోయినాక కువైట్ వచ్చినాను. ఉద్యోగం కోసం అని అందరికీ చెప్పినాను కానీ వచ్చింది అమ్మ కోసం.

అట్లా మేమిద్దరం ఫర్వానియాలో ఒక గదిలో ఉండబట్టి మూడేండ్లు. నా ముప్పై రెండేండ్ల బతుకులో తెలివొచ్చినాక ఆమెతో ఉండింది ఆ మూడేండ్లే. మొదటి ఏడాది మర్యాదలతోనే సరిపోయింది. నేను వంకాయ తిననని ఆమెకు తెలీదు, వండి పెట్టేది, నేను మొహమాటపడి తినేదాన్ని. ఇప్పుడిప్పుడే మాకు కొట్లాడుకోవడం చేతనయింది. ఇంతలో పొమ్మంటే ఎట్లా పంపేది?

ముందు పాస్‌పోర్టులో తేదీ మార్పిస్తే పోతుంది కదా అనుకున్నాను. అమ్మకు పుట్టిన సర్టిఫికెట్టు లేదు, బడి మొహం చూసింది లేదు. ఎట్లనో మార్పించినా, ఇక్కడి ఆఫీసుల్లో ముప్పై ఏండ్లుగా పాత తేదీనే ఉంది. ఉన్నట్టుండి ఎనిమిదేండ్లు చిన్నదైపోయి వచ్చిన మనిషిని చూస్తే వాళ్ళు ఊరుకుంటారా? కొరివితో తల గోక్కోవడం ఎందుకని ఆ ఆలోచన మానుకున్నాను.

ఇంక మిగిలింది పాలసీ వెతకడం. మూడు కంపెనీల కాగితాలు తెచ్చినాను. ఒకటి నీలం రంగు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. శుక్రవారం సెలవు నాడు మూడూ మంచం మీద పరిచినాను. అమ్మ పక్కన కూర్చుని మటిక్కాయలు, అదే గోరుచిక్కుళ్ళు, తుంచుతా ఉంది.

నీలం కాగితం అన్నిటికంటే చవక. ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తారు. డాక్టరుకు చూపించుకుని వస్తే ఇవ్వరు, మాత్రలకు ఇవ్వరు. ముందునుంచి ఉన్న జబ్బులకు అసలే ఇవ్వరు. అమ్మకు తొమ్మిదేండ్లుగా షుగర్ ఉంది.

"ఇదే తీసుకో" అనింది అమ్మ. "ఇఖామాకు కాగితం కావల్ల, అంతే గదా."

"కాగితం నాకొద్దు, నువ్వు బాగుండాల."

పసుపు కాగితంలో అన్నీ ఉన్నాయి. పెద్దపెద్ద ఆస్పత్రులు, పండ్లు, కండ్లు, అన్నీ. రేటు మాత్రం షుగర్ లేనోళ్ళకు కూడా చూస్తూనే షుగర్ వచ్చేటట్టుంది. నాలుగో పేజీలో చీమతలకాయంత అక్షరాలతో, మోకాళ్ళ వైద్యం మొదటి ఏడాది రాదని రాసినారు. రోజూ అవే అక్షరాలు చదివే కండ్లు నావి కాబట్టి కనపడింది. లేకపోతే నేను కూడా మోసపోయేదాన్నే.

ఆకుపచ్చది మధ్యరకం. డాక్టరుకు చూపించుకుంటే ప్రతిసారీ కొంత మనం కట్టాలి, మిగతాది వాళ్ళు కడతారు. షుగర్ ఉందని ముందే చెప్తే రేటు కొంచెం పెంచి ఆ మాత్రలు కూడా ఇస్తారు. చెప్పకుండా దాచి తర్వాత బయటపడితే మొత్తం పాలసీ రద్దు. వాళ్ళ ఆస్పత్రుల లిస్టులో మా క్లినిక్కు కూడా ఉంది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ వస్తే ఆమె కార్డు తీసుకునేది నేనే.

ఫారం తీసినాను. పేరు, సివిల్ ఐడీ, వయసు అరవై. తర్వాత గడిలో, ముందునుంచి ఉన్న జబ్బులు.

"షుగర్ లేదని రాయి పాపా" అనింది అమ్మ. "రేటు తగ్గుతాది."

"రాయను."

"ఎవురు చూస్తారే?"

"నాలాంటిదే ఒకతి కౌంటర్లో కూర్చుని చూస్తాది మా. మొన్న ఒక పెద్దాయన బీపీ లేదని రాసి, గుండెనొప్పితో వచ్చినాడు. కంపెనీ ఒక్క దీనారు ఇయ్యలేదు. ఆ మాట ఆయనకు చెప్పింది నేనే. నీకు కూడా నన్నే చెప్పమంటావా?"

అమ్మ మూతి ముడుచుకుంది. నాకు కోపం ఆగలేదు.

"వయసు ఒక అబద్ధం. ఆ దొంగ నా కొడుకు ఏజెంటు రాసిన దానికి ఇప్పుడు మనం కడతాండాం. రెండో అబద్ధం నా చేత్తో రాయించొద్దు."

మటిక్కాయ తుంచే చెయ్యి ఆగింది.

"వాడు కాదు మే" అనింది. "ముప్పై అని చెప్పింది నేనే."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకుని ఆమె మొహం చూసినాను. ఆమె గిన్నెలోకి చూస్తా చెప్పింది.

"కడపలో మొదట పోయిన ఏజెంటు మంచోడు. ఇరవై రెండంటే, ముప్పై నిండినాక రామ్మా అని పంపిచ్చేసినాడు. బస్టాండు కాడికొచ్చి శానాసేపు కూర్చుంటి. మళ్ళ ఇంకో ఏజెంటు దగ్గరికి పోయి ముప్పై అంటి. వాడు నా మొగం జూసి నవ్వినాడు. 'ముప్పైయేనా?' అన్నాడు. 'ముప్పైయే, రాసుకో' అంటి."

"మరి అవ్వ అన్నేండ్లు ఆ రెండో ఏజెంటును తిడతాంటే?"

"నన్ను తిట్టకుండా వాణ్ణి తిడతాంది గదా అని ఊరకుంటి."

ఏజెంటును తిట్టడానికి అలవాటు పడిన నోరు నాది. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలీలేదు. కానీ లెక్కల పనిలో ఉండేదాన్ని, నా బుర్ర దాని పని అది చేసింది. లోపల ఉంచుకోలేక బయటికే అనేసినాను.

"నీకు నిజంగా ముప్పై నిండేదాకా ఆగుంటే నాకు పదేండ్లు వచ్చేవి మా. ఇంకో ఎనిమిదేండ్లు నాతో ఉండేదానివి."

"ఆ లెక్క నాకు తెలీదనుకుంటివా?" అనింది అమ్మ. ఆమె గొంతు పెంచడం నేను విన్నది ఆ రోజే. "రెండేండ్లు వానల్లేవు, శనిక్కాయ పండలే, కూలి లేదు. ఎనిమిదేండ్లు ఏం పెట్టి సాకల్ల నిన్ను? చెప్పు! ఈడికొచ్చినాక ఏటేటా ఒకటి తగ్గిచ్చుకుంటాంటి. ఇంగ ఏడు, ఇంగ ఆరు. నేను పుట్టింది శ్రీరామనవమి మర్నాడని అవ్వ చెప్తాండె. నిజ్జంగా ముప్పై నిండిన దినం మామా వంటింట్లో పాయసం చేస్తి. ఏమిటికి అని మామా అడిగితే ఈ దినం నాకు ముప్పై అంటి. 'నీ ఇఖామాలో ముప్పై ఎనిమిది గదా, పిచ్చిదానా' అని నవ్వి రెండు గిన్నెలు తాగింది."

"నువ్వు?"

"నాకు గొంతు దిగలే."

నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపంతోనా, ఆమె కోసమా అంటే చెప్పలేను. రెండూ ఉన్నాయి. పోయి మొహం కడుక్కొచ్చినాను. మధ్యాహ్నం ఇద్దరం మటిక్కాయ కూర, అన్నం తిన్నాం. చేతులు కడుక్కున్నాక ఆకుపచ్చ ఫారం తీసి, షుగర్ గడిలో ఉంది అని, మోకాళ్ళ గడిలో ఉంది అని రాసినాను. అమ్మ చూస్తానే ఉంది. వేలిముద్ర వెయ్యబోతే, మూడేండ్లుగా నేర్పిస్తున్నాను కదా, సంతకం పెట్టు అన్నాను. కష్టపడి పెట్టింది.

వారం తర్వాత కంపెనీ ఆఫీసుకు ఇద్దరం పోయినాం. కౌంటర్లో ఈజిప్టు ఆయన ఒకడు ఉన్నాడు. నాకు వచ్చే అరబ్బీ అంతంతమాత్రం, అమ్మ గడగడా మాట్లాడింది. ఆయన సివిల్ ఐడీ చూసినాడు, అమ్మను చూసినాడు, మళ్ళీ కార్డు చూసినాడు.

"మాషాల్లా, అరవై ఏండ్ల మనిషి మాదిరి లేవమ్మా" అన్నాడు అరబ్బీలో.

"పిల్లల మధ్య ఉంటాను, అందుకే" అనింది అమ్మ. ఇంత చక్కగా అబద్ధం ఆడతాదని నాకు ముప్పై రెండేండ్లలో తెలీదు. ఆయన నవ్వి ముద్ర కొట్టినాడు. షుగర్‌కు, మోకాళ్ళకు కలిపి రేటు పెంచినాడు. నేను బ్యాంకు కార్డు ఇచ్చినాను, జీతం డబ్బులు చూస్తుండగానే పోయినాయి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ పాలసీ కాగితాన్ని సంచిలో పెట్టుకుని, మళ్ళీ బయటికి తీసి, ఎనిమిది మడతలు పెట్టింది. అంత మడిస్తే చిరుగుతాది మా అన్నాను. మళ్ళీ విప్పింది.

"ఏటేటా ఇట్ల కట్టాల్నా?"

"కట్టల్ల."

"ఎన్నేండ్లు?"

"నీకు నిజంగా అరవై వచ్చేదాకా. ఎనిమిదేండ్లు కడతాను."

"రేటు పెంచుతా పోతారు గదే."

"పెంచనీ. నాకు రావాల్సిన ఎనిమిదేండ్లు నాకు రావల్ల."

అమ్మ కాగితాన్ని సంచిలో పెట్టేసింది. నా చెయ్యి పట్టుకుంది. ఫర్వానియాలో బస్సు దిగి, రోడ్డు దాటి, మా బిల్డింగు మెట్ల దాకా వచ్చినా, చిన్నపిల్లను పట్టుకున్నట్టు ఆ చెయ్యి పట్టుకునే ఉంది.