ఏం కాదు కదా, అంకుల్?

మొన్న కెనడాలోని బ్రాంప్టన్‌లో మా వీధి చివరి మందుల షాపులో దగ్గు మందు కోసం వరుసలో నిలబడ్డాను. నా ముందు కాలేజీ బ్యాగులతో ఇద్దరు తెలుగమ్మాయిలు. గర్భం రాకుండా వాడే మాత్రల గురించి అడగడానికి వచ్చినట్టున్నారు. "అడగవే, ఇక్కడ సిగ్గుపడితే తర్వాత ఏడవాలి" అని ఒకతె రెండో అమ్మాయిని మోచేత్తో పొడిచింది. పాత అలవాటు చొప్పున నేను తల దించుకుని, దగ్గు మందు సీసా మీది అక్షరాలన్నీ శ్రద్ధగా చదివాను, ఫ్రెంచ్‌లో ఉన్నవి కూడా. నాకు ఫ్రెంచ్ రాదు.

స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న ఆ ఏళ్లలో మా బేస్‌మెంట్‌లో ఒక అమ్మాయి అద్దెకుండేది. ఇంటర్ అవగానే తెలంగాణ నుంచి వచ్చింది. పద్దెనిమిదేళ్లు. చలికాలంలో ఆ గది కిటికీకి సగం దాకా మంచు పేరుకునేది. మిగతా సగంలోంచి దిగే నీలి వెలుతురులో ఆమె నీళ్ల అడుగున కూర్చుని చదువుకుంటున్నట్టు కనబడేది. కార్తీకంలో మేం సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే, ఆ రోజుకు నెలసరి అడ్డు రాకుండా మా ఆవిడ ఆమెకు మాత్రల షీటు ఒకటి ఇచ్చింది. ఇండియా నుంచి కారప్పొడి పొట్లాలతోపాటు వచ్చే ఆ మాత్రలకు మా ఇంట్లో పేరు 'పూజ మాత్రలు'. స్వామికి లేని పట్టింపులు మాకుండేవి.

జనవరిలో ఒక మధ్యాహ్నం, మా ఆవిడ డ్యూటీలో ఉండగా, ఆ అమ్మాయి మెట్ల మీద నిలబడి "అంకుల్, ఆ పూజ మాత్రలు ఇంకొన్ని ఉన్నయా?" అంది. "మళ్లీ ఏ వ్రతమమ్మా?" అని నవ్వుతూ తెచ్చిచ్చాను. ఆమె నవ్వలేదు. షీటును అటూ ఇటూ తిప్పుతూ, "ఇవి ఏసుకుంటే ఏం కాదు కదా, అంకుల్?" అంది. "ఏం కాదమ్మా, నిశ్చింతగా వేసుకో" అన్నాను. ఒంటికి హాని చేయవు కదా అని అడిగిందనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆమె చెవులు ఎర్రబడటం చూశాను. వేరే సంగతేదో అడుగుతోందని తోచింది. ఆ తోచినదాన్ని అక్కడే వదిలేసి, మీటింగ్ ఉందని వెళ్లిపోయాను. మీటింగేమీ లేదు.

ఆ మాత్రలు నెలసరిని వెనక్కి జరుపుతాయే గాని గర్భాన్ని ఆపవు. ఆమెకది తెలియదు. నెలసరి ఆలస్యం కూడా మాత్రల వల్లేననుకుని ఊరుకుంది. మార్చిలో, గ్రేడ్ టెన్ చదివే మా అమ్మాయి భోజనాల దగ్గర చెంచా కింద పెట్టి, "డాడీ, దోజ్ ఆర్ నాట్ బర్త్ కంట్రోల్. కింద అక్క ప్రెగ్నెంట్" అంది. ఏం వాడాలో, ఏ క్లినిక్‌కు వెళ్లాలో దానికి స్కూల్లో చెప్పారు. ఆ పాఠాలకు దాన్ని కూర్చోబెట్టొద్దని స్కూలుకు ఉత్తరం రాసింది నేనే. మా ఆవిడ ఆ ఉత్తరాన్ని పంపలేదు. నా ఇంట్లో జరిగిన మంచి అంతా నా మాట చెల్లని చోటే జరిగింది.

ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి వెనక్కి పిలిపిస్తారని ఆ పిల్ల వణికిపోయింది. గర్భం వద్దని తనే నిర్ణయించుకుంది. క్లినిక్‌కు మా ఆవిడ తీసుకెళ్లింది. నేను కారు మీది మంచు తుడిచి, తాళాలు ఆవిడ చేతికిచ్చి లోపలికొచ్చాను. నా ధైర్యం అంతవరకే. వారం తర్వాత మెట్ల దగ్గర ఎదురుపడితే ఆమె, "మీ తప్పేం లేదు అంకుల్, నేనే సరిగ్గ అడగలే" అంది. కాదని నేననలేదు. ఆ తప్పును ఆమె చేతుల్లోనే ఉండనిచ్చాను.

ఏప్రిల్లో ఆమె గ్వెల్ఫ్‌లో కాలేజీకి మారింది. చదువు ఆగలేదు. సామానుతో నేనే దింపాను. పొలాల మీద మంచు కరిగి, ఆకాశం మడుగులు మడుగులుగా నేల మీద పడి ఉంది. అద్దానికి నుదురు ఆనించి ఆమె నిద్రపోయింది. నిద్రలో ఇంకా చిన్నపిల్లలా ఉంది. 'తప్పు నాదమ్మా' అన్న మాటను నోట్లో తిప్పుకుంటూ డ్రైవ్ చేశాను. లేవగానే చెబుదామనుకున్నాను. లేచింది. "అప్పుడే వచ్చేసినమా, అంకుల్?" అంది. "వచ్చేశామమ్మా" అన్నాను.

ముప్పావు గంట దారి. ఒక్క మాటకు అది బోలెడు సమయం. ఆ తర్వాత గడిచిన ఏళ్లన్నీ మాత్రం చాలలేదు.