కార్డు చూడందే కొలతలు తీయని ఖాదర్ అన్న

నీళ్లు చిలకరించిన మందపు గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే ఆవిరి వాసన ఈ ఉదయం మళ్లీ ముక్కుకు తగిలింది. సెలవు ముగించుకుని వెళ్తున్న ఒక సైనికుడి చొక్కా చేతులు సరిచేసి ఇస్త్రీ చేస్తున్నాను. ఆ వాసన వస్తే పక్క మిషన్ దగ్గర ఖాదర్ అన్న ఉన్నాడేమోనని ఇప్పటికీ తల తిప్పుతాను.

పాకాల రైల్వేస్టేషన్‌కు దగ్గర్లో ఆయన కుట్టుకొట్టు. ముప్పై ఏళ్లు దాటాక నేను అక్కడ పనికి చేరాను. అంత అనుమానపు మనిషిని నేనెక్కడా చూడలేదు. పెళ్లి సూటు కుట్టించుకునేవాడి ఊరు కూడా అడిగేవాడు కాదు గానీ, మిలిటరీ గుడ్డ తెస్తే ఎంత పెద్దమనిషినైనా సైన్యం ఇచ్చిన గుర్తింపు కార్డు అడిగేవాడు. అందులోని ఫొటోనూ ఎదురుగా ఉన్న ముఖాన్నీ రెండుసార్లు పోల్చుకున్నాకే మెడలోని టేపు చేతిలోకి తీసేవాడు.

"సైన్యంలో లేనోడు సైనికుడని నమ్మించేదానికి ఈ బట్టలేసుకుంటే నేరం సుగుణమ్మా. వాణ్ణి పట్టుకున్నంక, ఎవురు కుట్టినారని పోలీసోళ్లు మన కొట్టుకే వస్తారు" అనేవాడు. నాకది ఉత్త చాదస్తంగా తోచేది.

మా చెల్లెలు రేవతికి సూళ్లూరుపేట సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు మురళి మిలిటరీలో ఉన్నాడన్నారు. మా నాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నిశ్చితార్థం ఫొటోలకు కొత్త యూనిఫాం కావాలని మురళి గుడ్డ తెస్తే, నేనే గొప్పగా కొట్టుకు తీసుకెళ్లాను.

"మాకు కాబోయే మరిదన్నా" అన్నాను.

ఖాదర్ అన్న కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు. "కార్డు సూపీ నాయనా."

"యూనిట్లో ఉండాది భాయ్. ఈసారి తెస్తాలే."

"మంచిది. భుజాలకు ఏం కుట్టాల?"

"ఏది బాగుంటే అది కుట్టు" అన్నాడు మురళి.

ఖాదర్ అన్న గుడ్డ మడిచి అతని చేతికిచ్చాడు. "కార్డు తెచ్చినంక కుడతాలే నాయనా."

మురళి మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. "నీ కూతురికి సంబంధాలు తప్పిపోతా ఉండాయని, మా చెల్లెలి పెళ్లి చెడగొట్టాలని సూస్తాండావా?" అని నలుగురి ముందు అరిచాను. ఆయన పోయి తన మిషన్ దగ్గర కూర్చున్నాడు. సూదిలోకి దారం ఎక్కించబోతే రెండుమూడుసార్లు తప్పింది.

ఇంటికి పోయే దారంతా 'ఏది బాగుంటే అది' అన్న మాటే నన్ను తొలిచేసింది. భుజాల మీద కుట్టే గుర్తులే హోదాను చెప్తాయి; తన హోదా ఏమిటో తెలియని సైనికుడు ఉంటాడా? మర్నాడు నాయనను వెంటబెట్టుకుని, చెప్పాపెట్టకుండా సూళ్లూరుపేట వెళ్లాను. పక్కింటావిడ మురళి డ్యూటీకి పోయాడని చెప్పి, ఒక కంపెనీకి దారి చూపింది. గేటు దగ్గర మురళి సెక్యూరిటీ గార్డు బట్టల్లో లారీ నంబరు రాసుకుంటూ కనిపించాడు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

"ఉండే పని ఉన్నట్టు చెప్పినా పిల్లనిచ్చుందును గదప్పా" అన్నాడు నాయన. ఆ గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువ. నిశ్చితార్థం ఆగిపోయింది. దానికని కొన్న చీరను రేవతి మడిచి పెట్టె అడుగున పెట్టేసింది.

"నీకు ముందే తెలుసా అన్నా?" అని ఖాదర్ అన్నను అడిగాను.

"తెలిస్తే ఎందుకడుగుతాను తల్లీ? తెలీకనే అడిగినాను. నిజమైనోడే అయ్యుంటే కార్డు సూపించి, నన్ను రెండు తిట్లు తిట్టి, బట్టలు కుట్టించుకొని పోయుండును."

ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన పక్క మిషన్ మీదే కుట్టాను. నేనన్న మాటకు క్షమించమని ఈరోజు అడగాలి, రేపు అడగాలి అనుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం ఆయన గుండె ఆగిపోయింది.

ఇప్పుడు కొట్టు నేనే నడుపుతున్నాను. కార్డు చూడందే టేపు తీయను. అనుమానపు మనిషినని నాకూ పేరొచ్చింది. ఆయన కూతురు పెళ్లి చేసుకుని ఈ ఊళ్లోనే ఉంది. పండక్కి సేమియా తెచ్చి, "మా అబ్బాకు నువ్వంటే శానా నమ్మకం సుగుణక్కా" అంటుంది. ఆ రోజు తన గురించి నేనేమన్నానో ఆమెకు తెలియదు. ఆయన ఇంట్లో చెప్పనే లేదు.